వంటింటికొచ్చిన పాత ట్యూబులైటు

మా ఇంట్లో అందరూ కూర్చుని, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, నా కళ్ళు పోయాయని తేల్చేశారు.

తేల్చినవాళ్ళెవరో ముందు చెప్పేస్తాను. మా ఆయన గురునాథరావు, స్టీల్ ప్లాంటులో కరెంటు పని చేసి రిటైరయ్యారు. మా అబ్బాయి వెంకటేష్‌కి గాజువాకలో ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. కోడలు సత్యశ్రీ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ముగ్గురికీ నేనంటే ప్రేమే. ప్రేమ ఉన్నవాళ్ళు కలిసి ఒక మాట తేల్చేస్తే దాన్ని కాదనడం మరీ కష్టం. నా పేరు కాశమ్మ. పుట్టింది సబ్బవరం పక్క పల్లెలో, కాపురం ఈ పెందుర్తిలో. నాకు నోరు ఎక్కువని మా అత్తగారు పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టేశారు, కాబట్టి ఇప్పుడు ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు ప్రతి గదికీ ఆయనే దగ్గరుండి ట్యూబులైట్లు బిగించారు. అప్పట్లో మా వీధిలో అదే గొప్ప. ఆ రోజుల్నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి నడుస్తోంది. ఎవరూ కూర్చుని రాసింది కాదు, ఎవరూ తప్పిందీ లేదు. హాల్లో ట్యూబు చివర్లు నల్లబడితే పడగ్గదిలోకి వెళ్తుంది. పడగ్గదిలో అది మిణుకుమిణుకుమంటే వంటింట్లోకి వస్తుంది. వంటింట్లో కూడా చచ్చాకే దానికి చెత్తబుట్ట. ఫ్యానుల సంగతీ అంతే. కాలు విరిగిన కుర్చీ, అంచు చిట్లిన గ్లాసు, అద్దం పగిలిన గడియారం, హాల్లో పనికిరావని తేలినవన్నీ నా దగ్గరికే వచ్చి చేరాయి. మీ ఇంట్లోనూ ఇంతే అయి ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒకసారి లేచి వంటింట్లోకి వెళ్ళి చూసుకోండి.

వంటింటికి తూర్పున కిటికీ ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. పక్కవాళ్ళు మూడంతస్తులు లేపాక కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో వాళ్ళ గోడ కనబడుతుంది, అంతే. అప్పట్నుంచీ మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే వండుతున్నాను.

పోయిన దసరాకి వెంకటేష్ హాలు బాగుచేయించాడు. పైన ఫాల్స్ సీలింగు, అందులో చదరంగా ఎల్ఈడీ ప్యానెళ్ళు, అంచుల్లో కనబడకుండా దాక్కుని వెలిగే దీపాలు. ఒక రిమోటు కూడా ఇచ్చారు. నొక్కితే తెల్లటి వెలుగు, ఇంకోసారి నొక్కితే పసుపు, మళ్ళీ నొక్కితే రెండూ కలిసిన రంగు. కొత్త సోఫా వచ్చింది, దానికి మీగడ రంగు గుడ్డ. హాలు చాలా బాగుంది, అబద్ధమెందుకు. నేను కూడా రిమోటు పట్టుకుని కాసేపు ఆడుకున్నాను.

రిచర్డ్ అని ఎలక్ట్రీషియను, నిచ్చెన మీద ఉండగానే మా వాణ్ణి అడిగాను.

"ఒరే, ఎలాగా వచ్చీసాడు కదా, వంటింట్లో కూడా ఒకటి పెట్టించేత్తే పోదేటి?"

"వంటింట్లోకి ఎవులొత్తారే అమ్మా సూడ్డానికి?"

"నానుంటానురా అక్కడ."

"నీకు అలవాటే కదా."

ఆ మాటకి నేను బదులు చెప్పేలోపు ఆయన అందుకున్నారు. "హాల్లోంచి తీసిన ట్యూబు పట్టీ ఉంది కదా, అది బిగించమను. రాగి చోకు అది. ఇప్పుడు అలాటియి ఎక్కడా దొరకవు. వెలుగుతన్నదాన్ని పారేత్తారేటి ఎవులైనా?"

అలా హాల్లోంచి ఊడదీసిన ట్యూబులైటు, పట్టీతో సహా, నా నెత్తిమీదకి వచ్చింది. స్విచ్ వేస్తే వెంటనే వెలగదు. నాలుగుసార్లు కళ్ళు ఆర్పి, ఒకసారి మూలిగి, అప్పుడు వెలుగుతుంది. వెలిగినా చివర్లు నల్లగానే ఉంటాయి, మధ్యలో మాత్రం కాస్త తెలుపు. అది కూడా ఊరికే వణుకుతూ ఉంటుంది. కత్తిపీట మీద ఉల్లిపాయ పెడితే దాని నీడ కూడా వణికేది. ఇంత చెప్పినా ఆయన ఒకటే మాట. "వెలుగుతంది కదే." ఆయన వంటింట్లోకి వచ్చేది మంచినీళ్ళ కోసం. గ్లాసు దొరకడానికి ఆ వెలుగు చాలు.

ఇంకో మార్పు కూడా జరిగింది. ఇదివరకు హాల్లో చాప పరుచుకుని అందరం తినేవాళ్ళం. కొత్త సోఫా వచ్చాక వెంకటేష్ కట్టడి పెట్టాడు, హాల్లో భోజనాలు వద్దు, చేప అయితే అసలే వద్దు, వాసన పట్టేస్తుందని. వంటింట్లో గోడ పక్కన చిన్న టేబులు వేశారు. అంటే హాలు బాగుపడ్డాక మా తిండి చీకట్లోకి మారింది. అప్పుడు ఎవరికీ అలా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

నా మనవరాలు యశస్విని ఒకటో తరగతి. దానికి చేపంటే ప్రాణం, ముల్లంటే బద్ధకం. కాబట్టి చేప వండిన రోజు దానికి నేనే తినిపించాలి. ముక్క విడదీసి, వేళ్ళతో తడిమి, కంటితో చూసి, వేళ్ళూ కళ్ళూ రెండూ సరేనన్నాకే ముద్దలో పెట్టాలి. మా అమ్మ నాకు అలాగే పెట్టింది. వెంకటేష్‌కి పెళ్ళయ్యేదాకా నేను అలాగే పెట్టాను, వాడు ఒప్పుకోడు గానీ. మా ఇళ్ళల్లో పిల్లకి ముల్లు తీసి పెట్టడమంటే ఆ పిల్ల మన చేతిలో ఉన్నట్టు. తల్లి పక్కన కూర్చుని ఉన్నా, ఆ పని నానమ్మదే.

ఆ ఆదివారం కవ్వళ్ళు పులుసు పెట్టాను. కవ్వళ్ళలో ముళ్ళు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. వంటింటి టేబుల్ దగ్గర పిల్లని కూర్చోబెట్టుకుని తినిపిస్తున్నాను. నాలుగో ముద్దకో అయిదో ముద్దకో దగ్గింది. మళ్ళీ దగ్గింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, గొంతు పట్టుకుని నా వైపు చూసింది. ఉత్త అన్నం ముద్ద మింగించాం, అరటిపండు మింగించాం, లాభం లేకపోయింది. వెంకటేష్ బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ డాక్టరు గొంతులోకి లైటు కొట్టి, పటకారుతో ఆ ముల్లు తీశాడు. పిల్ల బాగానే ఉంది. ఐస్‌క్రీం పెట్టమన్నారని చెప్పి, గొంతు బాగుపడ్డాక కూడా చాలా రోజులు ఐస్‌క్రీం వసూలు చేసుకుంది.

నా చేతిలోంచే ఆ ముల్లు వెళ్ళింది. కాదనను. వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాక చాలాసేపు నేను వంటింట్లో అదే కుర్చీలో కూర్చుండిపోయాను, కంచం కూడా తియ్యలేదు. నాకు బతకాలనిపించలేదు, ఆ కాసేపూ. కానీ అలా కూర్చునే ఆ కంచం వైపు చూశాను. మిగిలిన ముక్కలో ముల్లు ఉందో లేదో చూద్దామనుకున్నాను. వణికే వెలుగులో తెల్లటి కండ, తెల్లటి ముల్లు, తెల్లటి అన్నం, అన్నీ ఒకటే. కంచం పట్టుకెళ్ళి హాల్లో ఆ ప్యానెల్ కింద పెట్టి చూశాను. ఒక్కొక్క ముల్లూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించింది.

వాళ్ళు రాగానే ఆ కంచమే చూపించి చెప్దామనుకున్నాను. ఎవరూ వినే స్థితిలో లేరు. పిల్లని పడుకోబెట్టాక హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. నేను గిన్నెలు తోముతున్నాననుకుని మాట్లాడుకున్నారు.

"అమ్మకి సూపు తగ్గిపోనాది నాన్నా," అన్నాడు వెంకటేష్. "మనమే కనిపెట్టుకోలేదు."

"వయసు అయిపోనాది మరి," అన్నారు ఆయన, తను నాకన్నా పెద్ద అని మర్చిపోయి.

"అత్తయ్యని ఏమీ అనకండి, బాధపడతారు," అంది సత్యశ్రీ. "మా స్కూల్ దగ్గర ఒక వంటమనిషి ఉంది. పై సోమవారం నుంచి రమ్మంటాను. చేప కూడా ముళ్ళు తీసేసినదే ప్యాకెట్‌లో దొరుకుతుంది. పాపకి నేను పెట్టుకుంటాను."

ఏమీ అనకుండానే నా వంటిల్లు, నా చెయ్యి, నా మనవరాలు, మూడూ తీసేసుకున్నారు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఒళ్ళు మండిపోయింది. చేతిలో గిన్నె సింకులో గట్టిగా కుదేసి హాల్లోకి వచ్చాను.

"నా కళ్ళకేం రోగం నేదు. ఆ లైటుకొచ్చింది రోగం," అన్నాను.

"ఇన్నాళ్ళూ అలాటి లైటు కిందే కదే వండావు?" అన్నారు ఆయన.

"ఇన్నాళ్ళూ హాల్లోనే కదండీ తిన్నాం!"

"సరే అమ్మా, సరే," అన్నాడు వెంకటేష్, పిచ్చివాళ్ళతో మాట్లాడేటప్పుడు అనే 'సరే'. "కంటి డాక్టర్‌కి సూపిద్దాం. ఆయనేటి సెప్తే అది."

తీసుకెళ్ళాడు కూడా. కంటి ఆసుపత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పలక మీద అక్షరాలు చదవమన్నారు. కింద వరస చీమలంత ఉంది. గడగడా చదివేశాను. నాకు శుక్లాలు తీసి చాలాకాలమైంది, అద్దాలు కూడా మారక్కర్లేదన్నాడు డాక్టరు. "మీ వయసుకి చాలా బాగుందమ్మా చూపు," అని కూడా అన్నాడు. నేను వెంకటేష్ వైపు చూశాను. వాడు బండి తాళం వైపు చూసుకున్నాడు.

దారిలో అడిగాను. "ఇప్పుడేటంటావు మరి?"

"డాక్టర్లు అలగే సెప్తారమ్మా."

"అలగే సెప్తే మరి ఆ అచ్చరాలు నాకెలాగ కనపడినాయిరా?"

"అక్కడ అంత లైటు పెడితే ఎవులికైనా కనపడతాయి."

వాడి నోటితో వాడే అన్నాడు. అన్న మాట వాడి చెవిదాకా వెళ్ళలేదు. బండి మీద వెనక కూర్చుని వాడి వీపు మీద ఒకటి ఇద్దామనుకున్నాను, హైవే అని ఊరుకున్నాను.

మీకు ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఇంత గొడవెందుకు, జంక్షన్‌లో ఒక ఎల్ఈడీ ట్యూబు కొనుక్కుని బిగించేసుకోవచ్చు కదా అని. కొనుక్కోగలను. రిచర్డ్‌ని పిలిస్తే పావుగంటలో బిగించి పోతాడు. కానీ నేను కొనుక్కుంటే ఇంట్లో ఏమంటారు? 'పాపం, అమ్మకి కనపట్టం లేదు, అందుకే పెద్ద లైటు పెట్టుకుంది' అంటారు. ఆ మాట ఇంక చచ్చేదాకా పోదు. నాకు కావలసింది లైటు ఒక్కటే కాదు. తప్పు దేనిదో వాళ్ళ నోటితో అనాలి.

అయినా ఎన్నాళ్ళు పట్టుబట్టేదాన్నో తెలియదు. వంటమనిషి వచ్చి నాలుగు రోజులు బాగా వండితే మెత్తబడిపోదునేమో. ఆ శనివారం పిల్ల నన్ను అడిగిన మాటతో తేలిపోయింది. సత్యశ్రీ ప్యాకెట్ చేప వేయించి, చెంచాతో పెడుతోంది. పిల్ల రెండు ముక్కలు తిని మొహం తిప్పుకుంది. "నానమ్మ పెడతాదేటి, తింటావా?" అన్నాను నేను, ఊరికే.

యశస్విని నా మొహంలోకి జాలిగా చూసింది. "నీకు కళ్ళు కనపడవంట కదా నానమ్మా," అంది.

పెద్దవాళ్ళు అన్నప్పుడు కోపం వచ్చింది. ఇది అన్నప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది. ఆ పిల్ల పెద్దయ్యాక కూడా నన్ను అలాగే గుర్తుపెట్టుకుంటుంది కదా, గొంతులో ముల్లు పెట్టిన గుడ్డి నానమ్మ అని. దానికి ఒప్పుకోదలచుకోలేదు నేను.

మర్నాడు ఆదివారం మా వియ్యపురాలు, అంటే సత్యశ్రీ వాళ్ళమ్మ అప్పాయమ్మ, కొత్త హాలు చూడ్డానికి వస్తోంది. ఆవిడది భీమునిపట్నం. ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతో రాదు, పొద్దున్నే ఒడ్డుకొచ్చిన చేపలు సంచిలో వేసుకుని బస్సెక్కుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళ గతి దేవుడికెరుక. సత్యశ్రీ వాళ్ళమ్మ వస్తుందని సోఫా దులిపింది, కుషన్లకి కొత్త గలీబులు తొడిగింది. వెంకటేష్ రిమోటు చేతిలో పట్టుకుని, అత్తగారు గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ రంగు వెయ్యాలో చూసుకున్నాడు.

వాడు స్నానానికి వెళ్ళగానే నేను పని మొదలుపెట్టాను. హాలు మధ్యలో టీపాయ్ పక్కకి లాగేశాను. ఆయన చదువుకుంటున్న పేపరు చేతిలోంచి తీసుకుని నేలమీద పరిచాను. నిన్నటిది కాదు, ఆ రోజుదే. ఆయన కళ్ళజోడు అలాగే పెట్టుకుని ఖాళీ చేతుల వైపు చూసుకున్నారు. సరిగ్గా పెద్ద ప్యానెల్ కింద కత్తిపీట వేశాను. పక్కన నీళ్ళ బకెట్టు, ఉప్పు, పసుపు, చింతపండు నానేసిన గిన్నె, మట్టి దాక. హుద్‌హుద్ తుఫానప్పుడు కొన్న చిన్న సిలిండరు పొయ్యి మంచం కింద ఉండేది, అదీ మోసుకొచ్చాను. రిమోటు తీసుకుని తెల్లటి వెలుగు వేశాను. పొయ్యి మంటకి గాలి తగలకూడదని ఫ్యాను కట్టేశాను.

"ఏటే ఇది?" అన్నారు ఆయన.

"వంటండి."

"హాల్లోనా?"

"నాకు వంటింట్లో కళ్ళు కనపడవు కదండీ. ఇక్కడ కనపడతన్నాయి."

తల తుడుచుకుంటూ వెంకటేష్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. "అమ్మా! ఏటి సేత్తన్నావే? మా అత్త వచ్చేత్తంది!"

"రానీ. సేపలు ఆవిడే తెత్తంది కదా."

"పరువు తీసేత్తావా నువ్వు?"

"గిన్నెడు పులుసుకి పోయే పరువైతే పోనీరా," అన్నాను. "నాను గుడ్డిదాన్నని పసిపిల్లకి నేర్పినప్పుడు నా పరువు ఎక్కడికెల్లిపోనాది?"

సత్యశ్రీ గదిలోంచి వచ్చి నన్నూ, పొయ్యినీ, సోఫానీ చూసింది. సోఫాని కొంచెం ఎక్కువసేపు చూసింది. "అత్తయ్యా, అమ్మ వెళ్ళాక మాట్లాడుకుందాం, ప్లీజ్," అంది మెల్లగా. "మాట్లాడుకోడం అయిపోయిందమ్మా," అన్నాను నేను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. తల్లి కదా, భయపడింది. కానీ లేవలేదు నేను.

బెల్లు మోగింది. అప్పాయమ్మ సంచితో లోపలికొచ్చి, పైన సీలింగు వైపు చూడబోయి, కింద నన్ను చూసింది.

"ఓలమ్మ! ఏటొదినా, హాల్లో కత్తిపీట ఏసుకుని కూకున్నావు?"

"వంటింట్లో నాను గుడ్డిదాన్నంట వదినా. నీ సేపల్ని గుడ్డిది కొయ్యకూడదు కదా, అందుకని ఇక్కడికొచ్చీసాను."

ఆవిడ కూతురి వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. స్విచ్ వేసిన చప్పుడు వినిపించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ మూలుగు వినిపించింది. ఇంకాసేపటికి బయటికొచ్చింది.

"ఇందులోనా వదినా నువ్వు వండతన్నావు? మా ఊళ్ళో సేపలు ఎండబెట్టే పాక ఇంతకన్నా నయం," అంది. చీరకుచ్చిళ్ళు పైకి దోపుకుని నా ఎదురుగా పేపరు మీద కూర్చుంది. "సేపలు ఇలగియ్యి. నువ్వు కొయ్యి, నాను కడుగుతాను."

కానాగంతలు తెచ్చింది, మెరుస్తున్నాయి. దాంతోపాటు కొన్ని కవ్వళ్ళు కూడా ఉన్నాయి. కవ్వళ్ళని చూసి సత్యశ్రీ మొహం తిప్పుకుంది. నేను పొలుసు గీస్తుంటే ఒకటి రెండు ఎగిరి సోఫా మీద పడ్డాయి. వెంకటేష్ వాటిని వేలితో తీసి ఎక్కడ వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. చేప కడుపు చీల్చాను. లోపల నల్లటి పొర ఉంటుంది, అది తియ్యకపోతే పులుసు చేదెక్కుతుంది. చాలారోజులుగా దాన్ని వేలితో వెతుక్కుని తీస్తున్నాను. ఇప్పుడు కంటికే కనిపించింది, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో అంతా. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వెనకే కోపం వచ్చింది. ఇంత వెలుగు నెత్తిన పెట్టుకుని వీళ్ళు ఇక్కడ చేసే పనేమిటి? టీవీ చూడ్డం. అది తన వెలుగు తనే తెచ్చుకుంటుంది.

పులుసు ఉడికింది. ఫ్యాను లేక అందరికీ చెమటలు కారుతున్నాయి, అయినా ఎవరూ హాల్లోంచి కదల్లేదు. పొయ్యి కట్టేసి, కంచంలో అన్నం పెట్టుకుని, పిల్లని పిలిచాను.

"వద్దమ్మా," అన్నాడు వెంకటేష్. ఈసారి కోపంగా అనలేదు, బతిమాలినట్టు అన్నాడు. "నువ్వు ఎక్కడైనా వండుకో. దానికి మాత్రం పెట్టకు."

యశస్విని నాకూ వాళ్ళ నాన్నకీ మధ్యలో నిలబడింది. కవ్వళ్ళ పులుసు వాసన దాన్ని లాగుతోంది, అది మొహంలోనే తెలుస్తోంది.

"ముల్లుంటాది నానమ్మా," అంది.

"ఉంటాది. నా పక్కన కూకుని నువ్వే సూడు."

కూర్చుంది. చేపని మధ్యకి విప్పి కంచంలో పరిచాను. అది తల నా చేతి మీదకి వంచి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"ఇదిగో ఒకటి!"

"తీసీసాను. ఇంకా?"

"ఇక్కడ. సన్నది. నానమ్మా, ఇక్కడ!"

"అదీ తీసీసాను. ఇంకా సూడు."

చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తి వాళ్ళ నాన్నతో అంది, "డాడీ, ఇక్కడ ముళ్ళు కనపడతన్నాయి. మొన్న నాకు కనపడలేదు."

మొన్న అదీ నా పక్కనే కూర్చుంది, అదీ అదే కంచంలోకి చూసింది. ఒకటో తరగతి పిల్ల కళ్ళకి కూడా వయసైపోయిందని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. నేను ముద్ద కలిపి చేత్తో పట్టుకున్నాను. పిల్ల మాత్రం నోరు తెరవలేదు. వాళ్ళ నాన్ననే చూస్తోంది.

"డాడీ, నానమ్మకి కళ్ళు కనపడతాయా?"

అడగాల్సినవాణ్ణే అడిగింది. వెంకటేష్ కంచంలోకి వంగి చూశాడు. వాళ్ళ అత్త చూస్తోంది, భార్య చూస్తోంది, వాళ్ళ నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నేను ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు. అన్నవాడే అనాలి.

"కనపడతాయమ్మా," అన్నాడు చివరికి.

"మరి ముల్లెలాగ వచ్చింది?"

"లైటు బాగోలేదు తల్లీ. నానమ్మకి మనం మంచి లైటు పెట్టలేదు. నాను పెట్టలేదు." ఆ చివరి మాట వాడు పిల్లతో కాదు, నాతో అన్నాడు. వాడు నా కొడుకు, నాకు తెలుస్తుంది.

పిల్ల నోరు తెరిచింది.

అప్పుడు నాకు భయం వేసింది. అంతవరకూ అంతమందిని ఎదిరించినదాన్ని, ఆ చిన్న నోటి ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒకవేళ వీళ్ళే నిజమైతే? మళ్ళీ ముద్ద విప్పాను, మళ్ళీ వేళ్ళతో తడిమాను, మళ్ళీ చూశాను. వేళ్ళూ కళ్ళూ సరేనన్నాయి. పెట్టాను. అది నమిలింది, నెమ్మదిగా, నాలుకతో వెతుక్కుంటూ. మింగింది. ఒక్క క్షణం గొంతు తడుముకుంది. తర్వాత మళ్ళీ నోరు తెరిచింది.

సత్యశ్రీ వచ్చి నా పక్కన పేపరు మీద కూర్చుంది. ఫోన్ తీసి ఆ వంటమనిషికి చేసి, సోమవారం రావద్దని చెప్పింది.

"రిచర్డ్‌ని రేపు పిలుత్తానమ్మా," అన్నాడు వెంకటేష్. "వంటింట్లో కొత్త ప్యానెల్ పెట్టించేద్దాం."

"కొత్తదెందుకురా?" అన్నాను. "ఇక్కడిదే తీసి వంటింట్లో బిగించమను. వంటింట్లోది తెచ్చి ఇక్కడ పెట్టుకోండి. మీ నాన్న అన్నారు కదా, రాగి చోకని. టీవీ సూడ్డానికి ఆ వెలుగు సాలు."

"అలగంటే ఎలాగే..." అన్నారు ఆయన.

"అందాకా నా వంట ఇక్కడే. ఫ్యాను కూడా వెయ్యను."

వెంకటేష్ ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచాడు. రేపు కాదు, ఇప్పుడే రమ్మని రిచర్డ్‌ని బతిమాలుతున్నాడు. ఆయన వంటింట్లోకి వెళ్ళి స్విచ్ వేసి, కట్టేసి, మళ్ళీ వేసి, అక్కడే నిలబడ్డారు. అందరూ ఏదో ఒకటి అంటున్నారు. అప్పాయమ్మ కూడా, "సూడొదినా, మీ ఆయన మొహం సూడు ఒకసారి," అంది.

నేను చూడలేదు. నా వేళ్ళ మధ్య ఇంకో ముక్క ఉంది, నా మనవరాలు నోరు తెరుచుకుని ఉంది. ముళ్ళు తీసేటప్పుడు తలెత్తకూడదు.